‘ఫోన్ జాగ్రత్తగా వాడుకోండి’ అని రాసి అర్జీ మూసేశారు: తిరుపతి, చిత్తూరు ప్రజాప్రతినిధులకు, రాష్ట్ర హోం శాఖకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులకు, రెండు జిల్లాల శాసనసభ్యులకు, ఆంధ్రప్రదేశ్ హోం శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

నమస్కారం.

నేను తిరుపతిలో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకునేవాణ్ణి. డిస్‌ప్లేలు మార్చడం, చార్జింగ్ పిన్నులు వేయడం, నీళ్లలో పడిన ఫోన్లను ఆరబెట్టి బతికించడం నా పని. చట్టాల జోలికి పోయే మనిషిని కాదు. ఒక అర్జీ పెట్టి, దానికి వచ్చిన జవాబు చూశాక కొన్ని చదవక తప్పలేదు. అధికారులకు చెప్పుకోవలసిన పద్ధతిలో చెప్పుకున్నాను, పని కాలేదు. అందుకే మన ఫోన్లకు చట్టంలో రక్షణ కావాలని అందరూ చదివేలా మీకు రాస్తున్నాను.

జరిగింది ఇది. మా షాపు కుర్రాడు రిపేరైన ఫోన్లను ఇళ్ల దగ్గర ఇచ్చిరావడానికి బండి మీద వెళ్తుంటాడు. ఊరి బయట వాహనాల తనిఖీలో ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ చూపించాడు. అంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. తర్వాత సంచి తీయించారు. లోపల కస్టమర్ల ఫోన్లు, ఒక్కోదాని వెనక టేపుతో అంటించిన చీటీ. ఆ చీటీ మీద పేరు, తొమ్మిది చుక్కల్లో గీసిన ప్యాటర్న్. లాక్ తీయకుండా టచ్ సరిగా పడుతోందో లేదో చూడలేం కాబట్టి చాలా షాపుల్లో ఇదే పద్ధతి. ఆ చీటీ చూసి ఒక ఫోన్ తెరిచారు. వాట్సాప్‌లో వెతికే చోట ఏదో మాట కొట్టి చూశారు. ఏమీ దొరకలేదు. ఊరుకోలేదు, గ్యాలరీలోకి వెళ్లి వేలితో పైకి తోసుకుంటూ పోయారు. ఆ ఫోన్ ఒక ఇల్లాలిది. అందులో కూతురి సీమంతం ఫొటోలు, ఆసుపత్రి స్కానింగ్ రిపోర్టులు, ఇంకా ఏమేం ఉన్నాయో ఆమెకే తెలియాలి. కేసు లేదు, నోటీసు లేదు, చూశామని రాసుకున్న కాగితం ముక్క కూడా లేదు. ‘సరే, పో’ అన్నారు, వచ్చేశాడు.

సోమవారం అర్జీల రోజున నేను అడిగింది రెండే. ఏ నియమం కింద ఆ ఫోన్ తెరిచారు? తెరిచినట్టు ఎక్కడైనా నమోదు చేశారా? కొన్నాళ్లకు అర్జీ ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. కింద పరిష్కారం ఇలా ఉంది: ‘అర్జీదారు తన వద్దనున్న ఫోన్ల విషయంలో తగు జాగ్రత్తలు తీసుకోవలసినదిగా సూచించడమైనది.’ మళ్లీ పెడితే మళ్లీ అదే వాక్యం. ఆ ఆఫీసు పేరు గానీ, ఆ సిబ్బంది పేర్లు గానీ ఇక్కడ రాయడం లేదు. నాకు ఎవరి మీదా కక్ష లేదు. పోయిన ఫోన్లను వెతికి పట్టుకుని జనానికి తిరిగి అప్పగించే మంచి పని మన జిల్లా పోలీసులే చేస్తున్నారు. అలా తిరిగొచ్చిన ఫోన్లకు నేనే కొత్త గ్లాసులు వేశాను.

సూచన పాటించాం. చీటీలు మానేశాం. కస్టమర్ వచ్చి తన చేత్తో లాక్ తీసి చూసుకుని తీసుకెళ్తున్నారు. కానీ నేనడిగిన రెండు ప్రశ్నలకు ఇది జవాబు కాదు కదా. వాన పడితే గొడుగు వేసుకోవడం నా పని, ఒప్పుకుంటాను. కాలువ పూడిక తీయించడం ఎవరి పని? 2021 నవంబరు వరదల్లో గొడుగు ఉన్నవాడు, లేనివాడు ఇద్దరూ ఇదే ఊళ్లో నడుం లోతు నీళ్లలో నిలబడ్డారు.

మా షాపుకు వచ్చేవాళ్లలో ఒక రకం వాళ్లుంటారు. పక్కన ఎవరూ లేనప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు: ‘అన్నా, నా ఫోన్ ట్యాప్ అయిందేమో కాస్త చూడు.’ విలేకరులు అడిగారు, వకీళ్లు అడిగారు, యూనియన్‌లో తిరిగేవాళ్లు అడిగారు. భర్త మీద అనుమానంతో ఆడవాళ్లు కూడా అడుగుతారు. ఈ చివరి రకం కేసు నేను తేల్చగలను. ఇంట్లోవాళ్లు దొంగచాటుగా వేసిన యాప్ అయితే చాలాసార్లు సెట్టింగుల్లో, పర్మిషన్లలో, బ్యాటరీ వాడకంలో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. తీసేస్తాను. మిగతావాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. వాళ్లలో సగం మంది ముందే స్టార్ హ్యాష్ 21 హ్యాష్ కొట్టి, ‘నాట్ ఫార్వర్డెడ్’ అని వస్తే ఊపిరి పీల్చుకుని వస్తారు. ఆ కోడ్ చెప్పేది మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించారా లేదా అన్న సంగతి మాత్రమే. ప్రభుత్వ ట్యాపింగ్‌కూ దానికీ సంబంధం లేదు. ఈ మాట చెప్పగానే వాళ్ల మొహంలో టెన్షన్ మళ్లీ మొదలవుతుంది. తెలిసి కూడా అబద్ధం చెప్పి పంపలేను కదా.

జాగ్రత్తల సంగతి మేం చులకన చేయడం లేదు. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేవి ఇవి: ప్యాటర్న్ తీసేసి ఆరంకెల పిన్ పెట్టుకోండి. అప్‌డేట్లు వాయిదా వేయకండి. వాట్సాప్ మెసేజ్‌లకు 2016 నుంచి పూర్తి ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం) ఉంది, కానీ గూగుల్ డ్రైవ్‌లోకి పోయే బ్యాకప్‌కు అది మీరే ఆన్ చేసుకోవాలి. నిజంగా రహస్యం అవసరమైన వృత్తిలో ఉంటే సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వాడండి. 2016లో అమెరికాలో ఒక గ్రాండ్ జ్యూరీ సమాచారం ఇమ్మని ఆదేశిస్తే, ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్టయ్యారు అన్న రెండు సంగతులు తప్ప సిగ్నల్ దగ్గర ఇవ్వడానికే ఏమీ లేకపోయింది. ఇంతవరకూ మా బాధ్యత. చేస్తున్నాం, చేయనివాళ్లకు నేర్పుతున్నాం. ఇది దాటాక ఏం జరుగుతుందో మీ ముందు పెడుతున్నాను.

1. ప్రభుత్వ ట్యాపింగ్ ఫోన్‌లో జరగదు, కంపెనీ దగ్గర జరుగుతుంది. ఉత్తర్వు టెలికాం కంపెనీకి వెళ్తుంది, వాళ్ల నెట్‌వర్క్ లోపలే కాల్ రెండో దారి పడుతుంది. హ్యాండ్‌సెట్‌లో చప్పుడు రాదు, వేడెక్కదు, బ్యాటరీ దిగదు. ఫోన్ విప్పి చూసినా నాకు కనపడేది ఏమీ ఉండదు. మామూలు కాల్‌కు, ఎస్సెమ్మెస్‌కు వాట్సాప్‌లో ఉన్నటువంటి ఎన్‌క్రిప్షన్ లేదు. పెగసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్లు ఫోన్‌లోకే దూరతాయి గానీ అవి కూడా మామూలు షాపులో పట్టుబడేవి కావు. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల కమిటీ వేస్తే, పరీక్షించిన 29 ఫోన్లలో 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉందన్నారు, అది పెగససేనని తేల్చలేకపోయారు. కేంద్రం కమిటీకి సహకరించలేదని కోర్టే చెప్పింది. దేశంలో పేరున్న నిపుణులకే తేలనిదాన్ని నాయుడుపేట నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు ‘తగు జాగ్రత్త’తో ఎలా ఆపుకోవాలి?

2. మాట దాచుకోవచ్చు, ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్నది దాచుకోలేం. ఏ నంబరు నుంచి ఏ నంబరుకు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి అన్న కాల్ డేటా కంపెనీ దగ్గర రెండేళ్లు ఉంటుంది. అంతకుముందు ఒక ఏడాది ఉంచేవారు, 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చి రెండేళ్లు చేశారు. సిమ్ ఉన్నంతకాలం ఏ యాప్ వేసుకున్నా ఈ టవర్ లెక్క ఆగదు. ఇది బయటికి పొక్కితే ఏమవుతుందో 2013లో ఢిల్లీలో చూశాం. అప్పటి రాజ్యసభ ప్రతిపక్ష నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డులు అక్రమంగా సంపాదించే ప్రయత్నంలో అరెస్టయినవాళ్లలో ఒక పోలీసు కానిస్టేబుల్ ఉన్నాడు. ఆయన స్థాయి మనిషికే అది జరిగితే మనవాళ్ల సంగతి చెప్పాలా! ఎర్రచందనం కేసుల్లో నిందితుడి కాల్ లిస్టులో నంబరుందని పిలిపిస్తారేమోనని అద్దె జీపు నడిపేవాళ్లు, హోటళ్లలో సర్వర్లు భయపడే ప్రాంతం మనది. కిరాయి మాట్లాడుకోవడానికి ఫోన్ చేసినవాడు దొంగో దొరో డ్రైవరుకు ముందే ఎలా తెలుస్తుంది?

3. సంతకం పెట్టేదీ, సంతకాన్ని తనిఖీ చేసేదీ ప్రభుత్వమే. ఇది అన్నిటికంటే పెద్ద విషయం కాబట్టి కాస్త ఓపిగ్గా చదవమని మనవి. 1885 టెలిగ్రాఫ్ చట్టం నుంచి 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టానికి వచ్చాం. అందులో ట్యాపింగ్‌కు అధికారమిచ్చే 20వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది, ట్యాపింగ్ నియమాలు 2024 డిసెంబరులో వచ్చాయి. పేరు మారింది, తీరు మారలేదు. కేంద్రంలో అయితే కేంద్ర హోం కార్యదర్శి, రాష్ట్రంలో అయితే రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఇస్తారు. ఒక ఉత్తర్వు 60 రోజులు చెల్లుతుంది, పొడిగిస్తూ 180 రోజుల దాకా పోవచ్చు. తర్వాత సమీక్ష కమిటీ చూస్తుంది. రాష్ట్రంలో ఆ కమిటీకి అధ్యక్షుడు ప్రధాన కార్యదర్శి, సభ్యులు న్యాయ శాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా జడ్జి లేడు, ప్రతిపక్షం లేదు, బయటి మనిషి లేడు.

ఆ సమీక్ష ఎలా ఉంటుందో నేను చెబితే వెటకారం అనుకుంటారు, కాబట్టి జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ మాటల్లోనే సారాంశం చెబుతాను. తెలంగాణ అంశం మీద 2010లో వేసిన కమిటీతో మన తెలుగువాళ్లందరికీ తెలిసిన పెద్దమనిషి. ఆయన అధ్యక్షతన డేటా రక్షణ మీద వేసిన కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. కేంద్రం నెలకు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఉత్తర్వులు ఇస్తున్నట్టు అంతకుముందే సమాచార హక్కు కింద బయటపడింది. రెండు నెలలకోసారి కూర్చునే సమీక్ష కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు చూడాలని, అది అయ్యే పని కాదని ఆ నివేదికే అన్నది. పెద్ద ఉద్యోగాల్లో ఊపిరాడని ముగ్గురు అధికారులు ఒక్క పూట కూర్చుని అన్ని వేల కాగితాలు తిప్పగలరా? తిప్పినా చదవగలరా? రాష్ట్రం లెక్క ఎంతో మాకెవరూ చెప్పలేదు.

4. విన్నారని తర్వాత కూడా చెప్పరు. కేసై, కోర్టులో రికార్డింగ్ బయటపెడితే తప్ప తెలిసే మార్గం లేదు. ఉత్తర్వుల రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని నియమాల్లోనే ఉంది. తెలియనిదాని మీద ఎవరు అప్పీలు చేస్తారు? 2025 జూలైలో మద్రాసు హైకోర్టు ఒక కంపెనీ ఎండీ మీద ఇచ్చిన ట్యాపింగ్ ఉత్తర్వును కొట్టేసింది. ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత అనే రెండు కారణాలు లేకుండా, మామూలు నేరం పట్టుకోవడానికి ట్యాప్ చేయడం చెల్లదంది. మంచి తీర్పు. కానీ ఆ ఉత్తర్వు 2011 నాటిది. పెద్ద లాయర్లను పెట్టుకోగలిగిన మనిషికి కూడా చివరి మాట దొరికేసరికి 14 ఏళ్లు గడిచాయి.

5. జాగ్రత్త అందరికీ అందే వస్తువు కాదు. తిరుచానూరులో పూలు అమ్మే అవ్వ చేతిలో కీప్యాడ్ ఫోన్ ఉంది, దాంట్లో సిగ్నల్ యాప్ ఎక్కదు. శ్రీసిటీ హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు సూపర్‌వైజర్ గురించి ఇంటికి చెప్పుకునేది మామూలు కాల్‌లోనే. పాత ఫోన్‌కు కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు. పైగా ఇది ఒక్క మనిషి జాగ్రత్తతో తేలేది కాదు. వకీలు ఎంత భద్రంగా ఉన్నా క్లయింటు ఫోన్ తెరిస్తే ఇద్దరి మాటలూ పోయినట్టే. మా కస్టమర్ అయిన ఆ ఇల్లాలు ఏం అజాగ్రత్త చేసింది, చెప్పండి. పగిలిన గ్లాసు మార్చుకోవడానికి ఫోన్ ఇచ్చింది.

ఫోన్ పక్కన పెట్టి బతుకుదామన్నా మీరే పెట్టనివ్వడం లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టింది. సదుపాయం బాగుంది, మా నాన్న వయసువాళ్లకు నేనే వాడి చూపిస్తున్నాను. దర్శనం టికెట్ ఆన్‌లైన్, గ్యాస్ ఓటీపీ, బ్యాంకు ఓటీపీ. కొండ మీద 2023 మార్చి నుంచి ముఖం గుర్తించే యంత్రాలు కూడా వచ్చాయి. బతుకంతా ఫోన్‌లో పెట్టుకోమన్నవాళ్లు, ఆ ఫోన్‌కు చట్టంలో రక్షణ అడిగితే ‘మీరే చూసుకోండి’ అనడం ఎలా కుదురుతుంది?

6. చేతికిచ్చిన ఫోన్ ముందు ఎన్‌క్రిప్షన్ ఎందుకూ పనికిరాదు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు కుర్రాళ్లను ఆపి, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. అడ్డంగా నిలబడితే ‘దాచేదేముంది’ అంటారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 94వ సెక్షన్ ఫోన్ల లాంటి పరికరాల పేరెత్తి మరీ చెప్పింది: దర్యాప్తుకు అవసరమైతే రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి తెప్పించుకోవచ్చు. 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం జరిగేటప్పుడు వీడియో తీయాలి. అంటే పద్ధతి చట్టంలో ఉంది. రోడ్డు మీద లేదు.

7. భయం మాట్లాడనివ్వదు. 2025లో తోతాపురి ధర పడిపోయి చిత్తూరు జిల్లా మామిడి రైతులు రోడ్డెక్కారు. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయల సాయం ప్రకటించింది. ఏ ఫ్యాక్టరీ ఎంత ఇస్తోంది, ఎక్కడ ట్రాక్టర్ల వరుస ఎంత ఉంది అన్నవి చేతి నుంచి చేతికి తిరిగింది ఫోన్లలోనే. ఆ గ్రూపులో రాసింది ఇంకెవరో చదువుతున్నారన్న అనుమానం పడితే రైతు ఏం చేస్తాడు? గ్రూపు నుంచి బయటికి పోతాడు. మా షాపులోనే కొందరు, ‘అన్నా, ఈ గ్రూపు మొత్తం తుడిచెయ్, మనకెందుకు’ అని అడిగి చేయించుకున్నారు. వాళ్లేమీ తప్పు రాయలేదు.

అయ్యా, అమ్మా, ఇవన్నీ మీకు కొత్త కాదు. ఈ దేశంలో ఫోన్ ట్యాపింగ్ గురించి ఎక్కువగా మొత్తుకున్నది రాజకీయ నాయకులే. పక్కనున్న కర్ణాటకలో 1988లో రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి వదులుకున్నది ఈ ఆరోపణ మీదే. 1991లో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర హర్యానా కానిస్టేబుళ్లు నిఘా పెట్టారన్న గొడవతో చంద్రశేఖర్ ప్రభుత్వం పోయింది. మన దగ్గర 2022 మార్చిలో పెగసస్ ఆరోపణల మీద శాసనసభ హౌస్ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు అప్పటి తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్ రెడ్డి గారే. ఏడాది తిరగకుండానే అదే అధికార పార్టీకి చెందిన నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి గారు తన ఫోనే ట్యాప్ చేస్తున్నారన్నారు. ప్రభుత్వం కాదంది. తెలంగాణలో 2024 నుంచి నడుస్తున్న కేసులో పోలీసుల నిఘా విభాగమైన ఎస్‌ఐబీలో హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్న ఆరోపణ ఉంది. అది కోర్టులు తేల్చాలి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ట్యాపింగ్ అని అరిచి, అధికారంలోకి రాగానే అదే మీట మీద చెయ్యేసి కూర్చోవడం అన్ని పార్టీలకూ అలవాటైపోయింది. ఈ మాట నొప్పించినా అనక తప్పదు. మీకు ఆరోపణ చేయడానికి అసెంబ్లీ మైకైనా ఉంది. మాకు సోమవారం అర్జీ ఒకటే ఉంది.

ఇక్కడ నా స్నేహితులకు కూడా రెండు మాటలు చెప్పాలి. కంప్యూటర్ చదువు చదివిన కుర్రాళ్లు కొందరు, ‘అన్నా, చట్టాలు మారవు, మంచి యాప్ వేసుకుని మన పని మనం చూసుకుందాం’ అంటారు. యాప్ వేసుకోండి, వద్దనను. కానీ ఆ యాప్ బతికుండేది కూడా చట్టం దయ మీదే. 2021 ఐటీ నియమాల్లో మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలన్న షరతు పెట్టారు. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే ఈ దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాళ్ల లాయరు కోర్టులో అన్నారు. రేపు ఒక నియమం మారితే మీ ఫోన్‌లో ఉన్న భద్రత ఒక్క అప్‌డేట్‌తో పోతుంది. ఇంకో రకం మిత్రులు దీనికి తిరగబడి, ‘ప్రభుత్వం తలుచుకుంటే ఏదైనా వింటుంది, ఈ జాగ్రత్తలన్నీ దండగ’ అంటారు. అదీ తప్పే. జాగ్రత్త వల్ల అందర్నీ ఊరికే వినడం కష్టమవుతుంది, ఖర్చవుతుంది. 2013లో అమెరికా ప్రభుత్వ నిఘా గుట్టును అక్కడ పనిచేసిన స్నోడెన్ బయటపెట్టిన తర్వాత ఆ దేశంలో రెండూ జరిగాయి. కంపెనీలు ఎన్‌క్రిప్షన్ పెంచాయి. ప్రజల ఫోన్ రికార్డులను ప్రభుత్వం గంపగుత్తగా పోగేయడాన్ని 2015లో చట్టం చేసి ఆపారు.

‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అనేవాళ్లకు ఎక్కువ చెప్పను. మీ ఫోన్ లాక్ తీసి మా కౌంటర్ మీద పెట్టి టీ తాగి రండి. ఒక్కరు కూడా పెట్టరు.

ట్యాపింగ్ అసలే వద్దని మేం అనడం లేదు. శేషాచలంలో చెట్లు నరికే ముఠాల్ని, డిజిటల్ అరెస్టు పేరుతో రిటైరైనవాళ్ల డబ్బు ఊడ్చేసేవాళ్లని పట్టుకోవాలంటే పోలీసులకు ఆ అవకాశం ఉండాలి. దానికి లెక్క, పత్రం, బయటి మనిషి సంతకం ఉండాలంటున్నాం. అడిగితే ఏమీ రాదన్న మాట కూడా నేను నమ్మను. నాయకుల ఫోన్ల ట్యాపింగ్ వార్తల తర్వాత పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కోర్టుకెళ్లింది కాబట్టే 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు మొదటిసారి నియమాలు పెట్టింది. పుట్టస్వామి గారనే రిటైర్డ్ జడ్జి వృద్ధాప్యంలో పిటిషన్ వేశారు కాబట్టే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక్క మాటగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. 2025 నవంబరు చివర్లో కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్ ముందే వేసి అమ్మాలని కేంద్రం ఆదేశించింది. పోయిన ఫోన్ బ్లాక్ చేయడానికి ఆ సదుపాయం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నేనే వాడతాను. కానీ బలవంతంగా ఎందుకని దేశమంతా అడిగింది. డిసెంబరు 3న ఆ తప్పనిసరి ఆదేశం వెనక్కి పోయింది. ఎవరూ సెట్టింగులు మార్చుకుని సాధించింది కాదు అది.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. టెలికాం కేంద్రం చేతిలో ఉంది, పోలీసులు రాష్ట్రం చేతిలో ఉన్నారు. ‘అది మా పరిధి కాదు’ అన్న జవాబు రాకుండా ఎవరిది వారికే విడదీసి రాస్తున్నాను.

హోం శాఖకు:

1. వాహన తనిఖీల్లో, రోడ్డు మీద రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఫోన్ తెరిపించరాదని అన్ని స్టేషన్లకూ డీజీపీ ద్వారా తెలుగులో సర్క్యులర్ పంపండి. దాని ప్రతి స్టేషన్ గోడ మీద ఉండాలి. కేసులో ఫోన్ తెరవాల్సి వస్తే ఏ సెక్షన్ కింద, ఎవరు, ఎప్పుడు, ఏమేం చూశారో రాసిన రసీదు యజమానికి ఇవ్వాలి. నేను వంద రూపాయల టెంపర్డ్ గ్లాసుకు బిల్లు ఇస్తున్నాను.

2. ఏడాదికి ఎన్ని ట్యాపింగ్ ఉత్తర్వులు ఇచ్చారు, ఎన్ని నిరాకరించారు, సమీక్ష కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని రద్దు చేసింది అన్న అంకెలను శాసనసభ ముందు పెట్టండి. పేర్లు వద్దు, కేసుల వివరాలు వద్దు. అంకెలతో ఏ దర్యాప్తూ చెడిపోదు.

శాసనసభ్యులకు:

3. ఈ అంకెల్ని ఏటా పరిశీలించే సభా సంఘం శాశ్వతంగా ఉండాలి, దానికి అధ్యక్షత ప్రతిపక్షానికి ఇవ్వాలి. ఇప్పుడు అధికారంలో ఉన్నవాళ్లు ఇది ఇస్తే, రేపు కుర్చీలు మారినప్పుడు మొదట పనికొచ్చేది వాళ్లకే.

పార్లమెంటు సభ్యులకు:

4. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 20వ సెక్షన్‌కు సవరణ కోరుతూ ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టండి. ట్యాపింగ్‌కు జడ్జి అనుమతి ఉండాలి, అత్యవసరమైతే తర్వాత కొద్ది రోజుల్లో తీసుకోవాలి. అమెరికాలో నేర దర్యాప్తు ట్యాపింగ్‌కు 1968 నుంచి జడ్జి ఉత్తర్వు కావాలి. అయిపోయాక 90 రోజుల్లోగా సదరు వ్యక్తికి నోటీసు వెళ్లాలి, కారణం చూపితే జడ్జి దాన్ని వాయిదా వేస్తారు. ఏటా ఎన్ని జరిగాయో అక్కడ కోర్టుల యంత్రాంగమే ప్రచురిస్తుంది.

5. అక్రమంగా ట్యాప్ చేసిన రికార్డింగ్ కోర్టులో చెల్లదని చట్టంలో రాయించండి. ఎలా సంపాదించినా సాక్ష్యం సాక్ష్యమే అన్న 1973 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఇప్పటికీ ముందుకు తెస్తున్నారు. అది ఉన్నంతకాలం నియమం మీరినవాడికి పోయేదేమీ లేదు.

6. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 17వ సెక్షన్ కింద కేంద్రం తనకిష్టమైన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చు. ఆ మినహాయింపు ఎవరికి, ఎందుకు, ఎంతకాలం అన్నది సభలో అడగండి. ప్రశ్న వేయడానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ లేఖ ప్రతులు మీ అందరి కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పై ఆరింటిలో ఏది చేయగలరో, ఏది చేయలేరో, ఎందుకు చేయలేరో అంశం నంబరు వేసి రెండు వాక్యాల్లో రాయించండి చాలు. జాగ్రత్తలు మాత్రం మళ్లీ చెప్పించకండి, అవి మేం పాటిస్తూనే ఉన్నాం.

ఇట్లు,
తిరుపతిలోని ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు యజమాని